రెండువేల నూట తొంభైమూడో రోజు

మా ఆడపడుచుని వీధిలో అందరూ హలో అంటారు. ఇరవై రెండేళ్ళు పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది కదా, ఎవరు పలకరించినా ముందు ‘హలో’ అని, ఆ తర్వాతే తలెత్తి మొహం చూసే అలవాటు. పిల్లలకి హలో అత్త, పాలవాడికి హలోగారు. నాకు కోపం వచ్చినప్పుడు మాత్రం ‘ఏమ్మా హలో’. నాకు కోపం తరచుగానే వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నేను చెప్పబోయే అనర్థం నా కోపం వల్లే జరిగింది.

మాది ఒకదాని మీద ఒకటి పేర్చిన గదుల ఇల్లు. కింద మా ఆయన కుట్టు దుకాణం, మధ్యలో మేము, పైన గది ఆమెది. హలో పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని చుట్టాలు ఆరా తీస్తే, “లైను కలవలేదండీ,” అంటుంది. అడిగినవాళ్ళు ఇంకేం అడగాలో తెలియక నీళ్ళు నములుతారు.

ఆసుపత్రిలో ఒకనాడు కొత్త యంత్రం పెట్టారు. ఫోను చేసినవాళ్ళతో మనిషికి బదులు రికార్డు చేసిన గొంతు మాట్లాడుతుంది, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని. ఆపరేటరు గదికి తాళం పడింది. హలో చేతిలో ఒక గోడగడియారం పెట్టి, రెండు మంచిమాటలు చెప్పి, ఇంటికి పంపేశారు. అప్పటికి ఆమెకి నలభై ఆరేళ్ళు. వారం రోజులు మంచం దిగలేదు. నేను అన్నం పళ్ళెం పైకి పట్టుకెళ్ళడం, అది అలాగే తిరిగి రావడం.

ఎనిమిదో రోజున లేచి, తల దువ్వుకుని, పాతసామాన్ల కొట్టుకి వెళ్ళి, ఒక పాత కంప్యూటరుని చంకనేసుకుని వచ్చింది. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ పారేసినది. దాని మూత మీద టీ మరక కూడా ఉంది.

“ఇదెందుకమ్మా ఇప్పుడు?” అన్నాను.

“నా కుర్చీలో వచ్చి కూర్చున్నది ఏమిటో విప్పి చూడాలి వదినా,” అంది.

అలా మొదలైంది. ఆ కంప్యూటరులోకి లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించింది. ముక్కూమొహం తెలియని వాళ్ళెవరో ప్రపంచం నలుమూలలా కూర్చుని రాసి, కావలసినవాళ్ళు తీసుకోండి, విప్పి చూసుకోండి, మార్చుకోండి అని వదిలేస్తారట. ఊరికే ఇస్తున్నారంటే ఇందులో ఏదో మతలబు ఉందని నేను ఆరు నెలలు అనుమానించాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజి పని చేసిపెట్టే ప్రోగ్రాము కూడా అలాంటిదే ఒకటి దొరికింది. ఇంటర్నెట్‌లో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు కబుర్లు చెప్పుకునే చోటు ఒకటి ఉండేది. అక్కడ గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న మనిషి ఎవరో ఈమె ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు రాసేవాడు. ఆడో మగో తెలియదు. మా ఇంట్లో మాత్రం ఆయన గుడ్లగూబగారు. ఆయన ఒక లైను రాస్తే ఈమె ఒక లైను కొట్టేది. తప్పయితే చెప్పేవాడు, ఈమె మళ్ళీ కొట్టేది.

రెండు నెలలు తిరిగేసరికి మా ఇంట్లో సొంత ఎక్స్ఛేంజి తయారైంది. పైగదికి వెళ్ళే మెట్ల కింద సందులో ఆ కంప్యూటరు, పక్కన మినుకుమినుకుమనే పచ్చదీపాల పెట్టె, అక్కణ్ణుంచి గోడ వెంబడి నాలుగు తీగలు, నాలుగు పాత ఫోన్లు. దుకాణానిది ఒకటో నంబరు, వంటింటిది రెండు, పైగదిది మూడు, వీధి తలుపుది నాలుగు. ఈ కాస్త ఇంటికి ఫోన్లెందుకు, కేకేస్తే పలకమా అని నేను చాలా వెటకారం చేశాను. చేసిన వారానికే మరిగాను. మోకాళ్ళు పట్టేసిన మా ఆయన టీ కోసం మెట్లెక్కడం మానేసి రెండు నొక్కేవారు. నేను కేకలు మానేశాను. నా గొంతు వినపడకపోయేసరికి మేం ఇల్లు మారామనుకున్నారట పక్కింటివాళ్ళు.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళలో ఒక ఆచారం ఉంది. మిషను ఒక్కసారి కూడా ఆపకుండా ఎన్ని రోజులు నడిపితే అంత గొప్ప. హలో వంటింటి గుమ్మం పక్కన ఒక పలక తగిలించి, దుకాణంలోంచి తెచ్చిన సుద్దముక్కతో రోజూ పొద్దున ఆ రోజుల లెక్క రాసేది. వంద దాటినప్పుడు అందరికీ మిఠాయి పెట్టింది. వెయ్యి దాటినప్పుడు కొత్త చీర కట్టుకుంది. కరెంటు పోయినా ఆగకుండా దానికి ఒక బ్యాటరీ పెట్టె అమర్చింది. కరెంటు పోతే ఇంట్లో నాకు ఫ్యాను ఆగేది, దానికి మాత్రం ఏ లోటూ ఉండేది కాదు. ఉద్యోగం పోయిన బాధని ఆమె ఆ అంకెలతో పూడ్చుకుంటోందని నాకు అర్థమవుతూనే ఉండేది, అందుకే ఏమీ అనేదాన్ని కాదు. సరే, తక్కువగా అనేదాన్ని.

ఆరేళ్ళు అలా గడిచాయి. ఈ మధ్య ఒకరోజు మూడు వీధుల అవతల నర్సింగ్ హోమ్ నడిపే పెద్ద నర్సమ్మ, తన దగ్గర పనిచేసే అమ్మాయిల యూనిఫాంలు కుట్టించడానికి మా దుకాణానికి వచ్చింది. మా ఆయన ఫోనెత్తి రెండు నొక్కి టీ చెప్పడం చూసి ఆశ్చర్యపోయింది.

“ఇదెవరు పెట్టారండీ? మా మూడంతస్తులకీ కలిపి ఒక్క ఫోను లేదు. ఏ గదిలో పేషెంటుకి ఏం కావాలన్నా మా పిల్లలు మెట్ల మీద నిలబడి అరుచుకోవాల్సిందే. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటున్నారు!”

మా ఆయన హలోని కిందికి పిలిచారు. నర్సమ్మ అక్కడికక్కడే అడిగేసింది. పదకొండు ఫోన్లు కావాలి. పెట్టడమే కాదు, తర్వాత రోజూ వచ్చి చూసుకునే ఉద్యోగం కూడా ఇస్తుంది. ఒక కంపెనీవాళ్ళు కూడా వచ్చి అడిగి వెళ్ళారు గానీ, మనిషి దగ్గరుండి చూసుకోవడం తనకి ఇష్టం. సోమవారం యూనిఫాంలు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఏ సంగతీ చెప్పమంది.

నేను వంటింట్లో ఎగిరి గంతేశాను. హలో మాత్రం ఆ రోజు నుంచి పెదవి విప్పలేదు. శనివారం సాయంత్రం నేనే కదిపాను.

“రేపు కాక ఎల్లుండి ఆవిడొస్తుంది. ఏం చెప్తున్నావ్?”

“నా వల్ల కాదని చెప్తాను.”

“ఎందుకు కాదు? ఆరేళ్ళుగా ఇక్కడ నడుస్తోందిగా!”

“ఇల్లు వేరు, నర్సింగ్ హోమ్ వేరు వదినా. వదిలెయ్.”

“యాభై రెండేళ్ళకి పిలిచి ఉద్యోగం ఇస్తానంటే కాదంటావా? ఎవరికైనా చెప్తే నవ్విపోతారు. పలక మీద అంకెలు వేసుకుంటూ కూర్చో!”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆమె పైకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున పలక మీద 2193 అని రాసి సంచీ పట్టుకుని కూరల బజారుకి వెళ్ళింది. ఎప్పుడూ ‘ఏమైనా తేవాలా వదినా’ అని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. పైగా దుకాణంలో ఇస్త్రీపెట్టె ప్లగ్గు కాలిపోయిందని మా ఆయన నర్సమ్మ యూనిఫాంలన్నీ పైకి పంపించారు, నన్ను ఇస్త్రీ చేయమని. మా ఇస్త్రీ బల్ల ఉండేది మెట్ల పక్కనే. దగ్గర్లో ఉన్నది ఒకటే ప్లగ్గు. అందులో ఉన్న ఎక్స్ఛేంజి తీగ పీకి నా ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాను. అయిదు నిమిషాల పని కదా, బ్యాటరీ ఉందిగా అనుకున్నాను.

బ్యాటరీ పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆగి ఆగి అరుస్తోంది. రెండు చొక్కాలు ఓర్చుకున్నాను. మూడో చొక్కా కాలరు మీద ఉండగా వంగి, ఆ పెట్టె మీద ఉన్న ఒకే ఒక్క బొత్తాం నొక్కాను. ఆగలేదు. అది నోరు మూసేదాకా నొక్కి పట్టుకున్నాను.

నోరు మూసింది. దాంతోపాటు పచ్చదీపాలు ఆరిపోయాయి. ఇంట్లో ఎప్పుడూ గుయ్యిమంటూ ఉండే సన్నటి చప్పుడు కూడా ఆగిపోయింది. అలాంటి చప్పుడు ఒకటి ఉండేదని అది ఆగినప్పుడే నాకు తెలిసింది. ప్లగ్గు మళ్ళీ పెట్టాను, బొత్తాం మళ్ళీ నొక్కాను. వంటింట్లోకి పరిగెత్తి ఫోనెత్తి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

హలో వచ్చింది. చేసిన తప్పు దాచడం నా వల్ల కాదు, గుమ్మంలోనే చెప్పేశాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. సంచీ కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని, చాలాసేపు ఆ చీకటి పెట్టెని చూసింది.

“నువ్వేం చెయ్యలేదులే వదినా. ఎప్పుడో ఒకప్పుడు ఆగాల్సిందే,” అంది. తర్వాత నెమ్మదిగా, “నాకు దాన్ని మళ్ళీ లేపడం రాదు,” అంది.

“అదేమిటి? నువ్వే కదా పెట్టావు!”

“గుడ్లగూబగారు చెప్పారు, నేను కొట్టాను. ఆయన నోటు పుస్తకం, నేను పెన్ను. అంతే. ఆగితే నాకేమీ రాదని తెలిసిపోతుందని ఆరేళ్ళుగా ఆపలేదు. ఊళ్ళోవాళ్ళు గొప్ప అనుకుంటున్నారు, నేను భయంతో ఆపలేదు. నర్సమ్మకి ఏ మొహం పెట్టుకుని సరే అంటాను? రేపు అక్కడ ఆగిపోతే, పైన ఒక పేషెంటు బెల్లు కొడుతూ ఉంటే, నేను ఎవరిని అడగను?”

శనివారం నేనన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చేయాలో తోచక, “ముందు ఆ కంప్యూటరు బొత్తాం కూడా నొక్కి చూద్దాం పద,” అన్నాను.

నొక్కింది. మిషను లోపల ఏదో మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. తెర మీద నల్లటి పేజీ, రెండు తెల్ల లైన్లు. అందులో తారీఖు మా పెళ్ళినాటిది చూపిస్తోంది. హలో కళ్ళు చిట్లించి చూసింది.

“గడియారం బ్యాటరీ చచ్చిపోయింది. లోపల గుండ్రటి బిళ్ళ ఒకటుంటుంది. అది లేకపోతే దీనికి ఇవాళ ఏ రోజో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో గుర్తుండదు.”

ఆదివారం, కరెంటు సామాన్ల కొట్లు మూసేసి ఉన్నాయి. నా వంటింటి తూకం మిషనులో అలాంటి బిళ్ళే ఉందని నాకు గుర్తొచ్చింది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నేను ఒప్పుకోను. నేనే ఊడదీసి తెచ్చిచ్చాను. హలో నా మొహం కేసి చూసి, మొదటిసారి చిన్నగా నవ్వింది.

బిళ్ళ వేశాక మిషను లేచింది. తెర మీద అక్షరాలు బిరబిరా పరిగెత్తి చివర ఆగాయి. నేను చప్పట్లు కొట్టాను. కానీ ఫోన్లెత్తి చూస్తే నాలుగూ మూగే. హలో మొహం మళ్ళీ వాడిపోయింది. పైకెళ్ళి తన చిన్న కంప్యూటరులో గుడ్లగూబగారి కోసం వెతికింది. ఆ కబుర్ల చోటే ఇప్పుడు లేదు. ఎప్పుడో మూసేశారట. ఆయనకి వీడ్కోలు కూడా చెప్పలేదని ఆమె కాసేపు బాధపడింది.

అప్పటికి మధ్యాహ్నమైంది. టీ కోసం రెండు నొక్కి నొక్కి విసుగెత్తి, మా ఆయన మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సంగతి విన్నారు. ఆయనకి కంప్యూటర్ల గురించి ఒక్క ముక్క తెలియదు. చెల్లెలి పక్కన కూలబడి అడిగారు.

“మరి అది ఇన్నాళ్ళూ పనిచేసింది కదమ్మా. ఇప్పుడేం పోయింది?”

“నడుస్తుండగా దానికి చెప్పినవన్నీ మర్చిపోయింది అన్నయ్యా. నీ చిరునామా ఇది, ఈ నంబరు నొక్కితే ఆ గదికి కలుపు అని ఎప్పటికప్పుడు చెప్పాను. అది విని చేసింది. ఫైల్లో రాసిపెట్టాల్సింది. ఎప్పుడూ ఆపను కదా అని రాయలేదు.”

“అంటే నోటిమాట కొలతలా?” మా ఆయన నోరు తెరిచారు. “ముప్ఫై ఏళ్ళ నుంచి కుడుతున్నాను, నోటిమాట మీద ఏనాడూ కత్తెర పెట్టలేదు. అన్న ఇంట్లో ఉంటూ ఇదా నువ్వు నేర్చుకున్నది?”

కిందికి వెళ్ళి కొత్త కొలతల పుస్తకం ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి, “ముందు రాయి, తర్వాత కొయ్యి,” అని ఆయన దారిన ఆయన వెళ్ళిపోయారు. టీ మర్చిపోయారు పాపం.

హలో పుస్తకం తెరిచింది. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నాకు అర్థమై కాదు, చేసిన పాపానికి. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి ప్రశ్నలు వేస్తూ పోయాను. ఈ తీగ ఎందుకు, ఆ పచ్చదీపం ఎందుకు కొట్టుకుంటోంది, దానికి చిరునామా ఎందుకు, అదేమైనా ఉత్తరాలు తెప్పించుకుంటుందా. ఆమె ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతూ పుస్తకంలో ఒక్కో లైను రాసుకుంటూ, మిషనులో కొడుతూ పోయింది. కాలర్లు, కఫ్‌ల కొలతలు రాసే గళ్ళలో అంకెలూ చుక్కలూ నిండాయి. ఒకటో నంబరు, రెండో నంబరు అయ్యాయి.

వీధి తలుపు ఫోను దగ్గర నేనో సందేహం అడిగాను. ఎవరైనా బయట నిలబడి నాలుగులోంచి చేస్తే ముందు వంటింట్లో మోగుతుంది, నేను తీయకపోతే దుకాణంలో మోగుతుంది కదా, అదెలా?

“అదా? ఇరవై సెకన్లు నీ దగ్గర మోగనిస్తాను, తీయకపోతే అన్నయ్యకి మళ్ళిస్తాను. నువ్వు పోపు వేస్తున్నప్పుడు ఫోను తీయవుగా.”

“ఇది కూడా గుడ్లగూబగారు చెప్పారా?”

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“లేదు,” అంది. “ఆయనకి నీ పోపు సంగతి ఏం తెలుసు? ఇది నేనే పెట్టాను,” అంది. మళ్ళీ పుస్తకం మొదటి పేజీకి వెళ్ళి ఒక్కో లైను మీదా వేలు పెట్టి చూసుకుంది. “ఇది ఆయన చెప్పింది. ఇది నేను. ఇదీ నేనే. ఇది ఆయన చెప్పింది తప్పయితే నేను దిద్దాను.” అలా చివరి దాకా వెళ్ళింది. నా జీవితంలో అంతసేపు నోరు కట్టుకుని కూర్చున్న సందర్భాలు చాలా తక్కువ.

సాయంత్రం అయిదు కావస్తుండగా వంటింట్లో ఫోను మోగింది. పరిగెత్తుకెళ్ళి తీశాను.

“హలో, ఎక్స్ఛేంజి. ఎవరు కావాలండీ?”

ఆరేళ్ళ కిందట ఆసుపత్రికి ఫోను చేస్తే వినిపించిన గొంతు. అదే సాగదీత, అదే మర్యాద. నాకు ఏడుపు ఆగలేదు.

“మా ఆడపడుచు కావాలండీ,” అన్నాను ముక్కు చీదుకుంటూ.

“లైన్లోనే ఉన్నారు, మాట్లాడండి.” తర్వాత తన మామూలు గొంతుతో, “వదినా, మెట్ల దగ్గరికెళ్ళి ఆ బొత్తాం మళ్ళీ నొక్కు,” అంది.

“మతి పోయిందా? ఇప్పుడేగా లేచింది!”

“అందుకే. పొద్దున ఎలా నొక్కావో అలాగే నొక్కు. నాకు చెయ్యాడ్డం లేదు.”

నొక్కాను. అంతా చీకటైంది. మళ్ళీ వేశాను. మేమిద్దరం మెట్ల మీద పక్కపక్కన కూర్చుని గోడగడియారం చూశాం, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిందే. మూడు నిమిషాల్లో దానంతటదే లేచింది. పైగది ఫోను మాత్రం పలకలేదు. దాని లైను పుస్తకంలో రాసుకుంది గానీ, మిషనులో కొట్టడం మర్చిపోయింది. దిద్దింది. నన్ను ఇంకోసారి నొక్కమంది. ఈసారి నాలుగూ మోగాయి. కిందనుంచి మా ఆయన ‘టీ’ అన్నారు.

సోమవారం పొద్దున పలక మీద ఏం రాస్తుందా అని చూశాను. పెద్ద అంకె తుడిచేసింది. ఆ చోట మూడు అని వేసింది. ఎన్ని రోజులు ఆగకుండా నడిచిందో కాదట ఇక లెక్క, ఎన్నిసార్లు ఆగి లేచిందో అది. నర్సమ్మ రాగానే హలో యూనిఫాంల మూట తనే చేతికందించి, “ఎప్పుడు మొదలుపెట్టమంటారు?” అంది.

పనికి ఆరు వారాలు పట్టింది. మూడంతస్తులూ తీగలు లాగింది, ప్రతి తీగకీ రెండు చివర్లా గుడ్డముక్క మీద నంబరు కుట్టి కట్టింది. అది మా ఆయన చేసిపెట్టిన పని. కొలతల పుస్తకాలు రెండు నిండాయి. ఆఖరి రోజు నన్ను కూడా రమ్మంది. ఎందుకో చెప్పలేదు. నేను చక్కగా ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వెళ్ళాను.

నర్సమ్మ ఒక ఫోనెత్తి మూడో అంతస్తుకి చేసింది, అక్కణ్ణుంచి కిందికి చేయించింది. మెట్ల మీద అరుపుల్లేవు. ఆవిడ మొహం వెలిగిపోయింది. “బ్రహ్మాండంగా ఉందమ్మా! ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకుండా గదికి తాళం వేయిస్తాను,” అంది.

“ఒక్క నిమిషమండీ,” అంది హలో. కొలతల పుస్తకం చంకలో పెట్టుకుంది. “ఈవిడ మా వదిన. వదినా, నొక్కు.”

వంగి, బొత్తాం మీద వేలు పెట్టి, దాని చప్పుడు ఆగేదాకా నొక్కి పట్టుకున్నాను. దీపాలన్నీ ఆరిపోయాయి. నర్సమ్మ “అయ్యో అయ్యో” అంటూ నా చెయ్యి పట్టుకుంది. హలో తనే వంగి మిషను మళ్ళీ వేసి, గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. రెండు నిమిషాలైంది. మూడు నిమిషాలైంది. హలో కిటికీలోంచి వీధిని చూస్తోంది.

నర్సమ్మ బల్ల మీద ఫోను మోగింది. పైఅంతస్తు నుంచి ఎవరో అమ్మాయి, ఇందాక లైను పోయింది, మళ్ళీ వచ్చిందా లేదా అని చూస్తున్నానండీ అంది. నర్సమ్మ నా చెయ్యి వదిలేసింది.

హలో పుస్తకం తెరిచి, మొదటి పేజీలో పైన ఒకటి అని రాసింది.